కంకర మీద నల్ల వాష్ ఎందుకు వికటిస్తుంది, ఎలా సరిచేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హెచ్‌ఓ కొలత మోడల్ రైలు లేఅవుట్‌లో పట్టాల కింద బూడిద రంగు కంకర పరిచి పీవీఏ జిగురుతో (చెక్కపనికి వాడే తెల్ల జిగురు) అంటించారు, పాతబడినట్టు కనిపించాలని పైన నల్ల వాష్ (బాగా పలచన చేసిన రంగు) పోశారు. ఆరాక కంకరంతా తడిసిన తారు రోడ్డులా ఉంది, అక్కడక్కడ తెల్ల మచ్చలు తేలాయి, ఇంజన్లు ఆగి ఆగి నడుస్తున్నాయి. మొత్తం పీకేసి మళ్లీ పరవాలా?

పీకక్కర్లేదు. ఈ మూడింటికీ మూడు వేరు వేరు కారణాలు, మూడూ సరిచేయగలిగినవే. కానీ మొదటిది ఎందుకు జరిగిందో అర్థమైతే తక్కిన పనంతా తేలికవుతుంది కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అసలు పట్టాల మీద మురికి పైనుంచి పడుతుంది. బ్రేకు దిమ్మలు అరిగి రాలే ఇనుప పొడి, చక్రమూ పట్టా ఒరుసుకుని రాలే పొడి, రైలు వేగానికి లేచే దుమ్ము అన్నీ రాళ్ల పై ముఖాల మీద కూర్చుంటాయి. వాష్ దీనికి పూర్తిగా తలకిందులు. పై ముఖాల మీంచి జారి రాళ్ల సందుల్లోకి దిగిపోతుంది. సందుల్లో అప్పటికే సహజంగా నీడ ఉంది. ఆ నీడ మీద నల్ల రంగు కూడా చేరితే ఒక్కో రాయీ విడివిడిగా, ఉన్నదాని కంటే పెద్దదిగా కనబడుతుంది. పైగా హెచ్‌ఓ అంటే 1:87, అసలు దానిలో 87వ వంతు. లేఅవుట్‌ను 60 సెం.మీ. దూరం నుంచి చూడటమంటే అసలు పట్టాను 52 మీటర్ల అవతల నుంచి చూడటమే. అంత దూరాన రాళ్ల మధ్య సందులు కంటికి ఆనవు. అంతా కలిసిపోయి మెత్తని మట్టి బూడిద రంగు పట్టీలా కనిపిస్తుంది. అందుకే కంకరకు కావలసింది లోతైన నలుపు కాదు, పై ముఖాల మీద తేలికపాటి గోధుమ రంగు దుమ్ము.

రంగు విషయంలోనూ నలుపు తప్పే. పోత ఇనుము బ్రేకు దిమ్మలతో నడిచే బండ్ల కింద కంకర తుప్పు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. డిస్కు బ్రేకుల బండ్లే ఎక్కువగా తిరిగే లైన్లలో ఆ గోధుమ ఛాయ చాలా తక్కువ, కంకర బూడిద రంగులోనే మిగులుతుంది. నిజంగా నల్లగా ఉండేది ఇంజన్లు నిలబడే చోట్లు, ఆవిరి ఇంజన్ల షెడ్లు, పాయింట్లకు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు) గ్రీజు పెట్టే చోట్లు మాత్రమే. మీ లేఅవుట్ ఏ కాలానిదో, ఏ రకం బండ్లదో ముందు తేల్చుకోండి. దాన్ని బట్టే రంగు నిర్ణయమవుతుంది.

ఇప్పుడు ఉన్న నలుపును తీసేయాలని చూడకండి. ఆల్కహాల్ పోసి బ్రష్‌తో రుద్దితే వాష్ కొంత లేస్తుంది కానీ కింద పీవీఏ కూడా మెత్తబడి కంకర ఊడి వస్తుంది. దాని మీదే తేలిక రంగు వేయడం మేలు. సందుల్లో మిగిలిన నలుపు తర్వాత వేసే దుమ్ము పొర కింద సగానికి పైగా అణిగిపోతుంది.

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చల్లే పరికరం) ఉంటే పని ఇలా సాగుతుంది. 0.3 లేదా 0.4 మి.మీ. నాజిల్, 1 నుంచి 1.2 బార్ ఒత్తిడి (సుమారు 15–18 పీఎస్‌ఐ). మ్యాట్ (మెరుపు లేని) యాక్రిలిక్ రంగు ఒక పాలుకు ఆ రంగుకు చెప్పిన థిన్నర్ నాలుగు పాళ్లు. ఏ థిన్నరైనా పరవాలేదు అనుకోవద్దు. కొన్ని నీటి యాక్రిలిక్‌లు ఆల్కహాల్ తగలగానే పెరుగులా విరిగి నాజిల్‌ను మూసేస్తాయి. సీసా మూతలో నాలుగు చుక్కలు కలిపి అయిదు నిమిషాలు చూశాకే కప్పులో పోయండి. మొదటి రంగు: లేత ఇసుక రంగు మూడు పాళ్లు, మధ్యస్థ బూడిద రెండు పాళ్లు, రా అంబర్ (మట్టి గోధుమ రంగు) ఒక పాలు. పట్టాకు 15–20 సెం.మీ. ఎత్తు నుంచి, దాదాపు నిట్టనిలువుగా కిందికి చల్లండి. పక్క నుంచి వాలుగా చల్లితే రాళ్ల ఒక ముఖమే రంగు పట్టి, రెండో వైపు నుంచి చూసినప్పుడు పాత నలుపు అలాగే కనిపిస్తుంది. చేయి ఆగకుండా కదలాలి. ఒక్కసారి పోయినప్పుడు రంగు పడిందా లేదా అని అనుమానం కలిగేంత పలచగా పడితే అదే సరైన పొర. మీటరు పట్టాకు ఒక పొరకు పలచన చేసిన రంగు 3–4 మి.లీ. చాలు. ఇలాంటివి మూడు నాలుగు పొరలు, మధ్యలో పది నిమిషాల విరామం. కంకర తడిసి మెరుస్తోందంటే ఎక్కువ పోస్తున్నట్టే.

ఆ పొర ఆరాక రెండోది, బ్రేకు పొడి పట్టీ. బర్ంట్ అంబర్ (ముదురు ఎర్ర గోధుమ రంగు) రెండు పాళ్లు, రా అంబర్ ఒక పాలు, ఇసుక రంగు ఒక పాలు. దీన్ని ఇంకా పలచగా, ఒకటికి ఆరు. ఎయిర్‌బ్రష్‌ను 8–10 సెం.మీ.కి దించి పట్టాల వెంబడి నడపండి. ఈ పట్టీ వెడల్పు చాలామంది పొరపడే చోటు. కంకర గట్టు మొత్తాన్ని గోధుమ చేసేస్తారు. పొడి బరువైనది, చాలా వరకు పట్టాల దగ్గరే పడుతుంది. 2.6 మీటర్ల స్లీపరు (పట్టాల కింది అడ్డ దిమ్మ) హెచ్‌ఓలో 30 మి.మీ. ఉంటుంది, గోధుమ ఛాయ ఆ స్లీపరు చివర దాటి 3–4 మి.మీ. వరకు వెళ్లి కరిగిపోవాలి. కంకర వాలు అడుగుభాగం మొదటి పొర రంగులోనే ఉండిపోవాలి. సిగ్నళ్లకూ స్టేషన్లకూ ముందు, దిగుడు వాలుల్లో, అంటే బండ్లు బ్రేకు వేసే చోట్ల ఇంకో పొర అదనంగా వేయండి. బండ్లు బయలుదేరి వేగం అందుకునే వైపు ఆ అదనపు పొర వద్దు. ఇంత చిన్న తేడానే చూసేవారికి ఆ లైను మీద బండ్లు ఎటు నడుస్తాయో చెప్పేస్తుంది.

ఎయిర్‌బ్రష్ లేకపోతే పిగ్మెంట్ పొడులు వాడండి, ఫలితం ఏమీ తక్కువ కాదు. చిత్రకారులు వాడే మెత్తని పొడి పాస్టెల్ కడ్డీలను బ్లేడుతో గీకినా అదే పొడి వస్తుంది, నూనె పాస్టెల్‌లు మాత్రం పనికిరావు. ఇసుక రంగు, బూడిద, రా అంబర్, బర్ంట్ అంబర్ పొడులను పైన రెండు పొరలకూ చెప్పిన పాళ్లలోనే కలిపి, మెత్తని వెడల్పాటి బ్రష్‌తో పై నుంచి తట్టండి. రుద్దవద్దు. రుద్దితే పొడి సందుల్లోకి దిగి మళ్లీ వాష్ కథే అవుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సన్నని పొగమంచులా పడే సీసాతో 30 సెం.మీ. ఎత్తు నుంచి, గాలిలోకి చల్లి దానంతట అదే కిందికి పడనివ్వండి. గురిపెట్టి కొడితే పొడి ఎగిరి గుండ్రని మచ్చలు పడతాయి. తడిసినప్పుడు రంగు చాలా ముదిరినట్టు కనిపించి గుండె జారుతుంది, కంగారు పడకండి. ఆల్కహాల్ ఆరాక తేలికవుతుంది. దానిపైన వార్నిష్ చల్లితే మాత్రం పొడి ఛాయ సగం మాయమవుతుంది. కాబట్టి వార్నిష్ వేయాలనుకుంటే పొడిని ముందే కావలసిన దానికంటే ఎక్కువ వేయాలి. నా మట్టుకు కంకర మీది పొడికి వార్నిష్ అక్కర్లేదు. అక్కడ ఎవరూ చేయి పెట్టరు, ఆల్కహాల్‌తో కూర్చున్న పొడి తగినంత గట్టిగానే ఉంటుంది.

కంకర దేనితో చేసిందో కూడా చూసుకోండి. అసలు రాతిపొడి రంగును పెద్దగా పీల్చుకోదు. వాల్‌నట్ పెంకు పొడితో చేసిన కంకర స్పాంజిలా పీల్చుకుంటుంది, అదే వాష్ దాని మీద రెండింతలు నల్లగా తేలుతుంది. మీది పెంకు రకమైతే పై పొరలు వేయడానికి ముందు మ్యాట్ మీడియం (రంగు లేని, మెరవని యాక్రిలిక్ ద్రవం) ఒక పాలుకు నీళ్లు మూడు పాళ్లు కలిపి ఒకసారి పలచగా చల్లి ఒక రోజు ఆరనివ్వండి. రాతి రకమైతే ఇంకో జాగ్రత్త: కొన్ని రాళ్లలో ఇనుము ఉంటుంది, ఆ రేణువులు ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుంటాయి. అయస్కాంతాన్ని పలచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మిగిలిన కంకర మీద ఒకసారి తిప్పి చూడండి. రేణువులు అంటితే ఆ కంకర ఇక వాడకండి. ఇప్పటికే పరిచిన చోట వదులు రేణువులన్నీ వాక్యూమ్‌తో లాగేయండి.

ఇక తెల్ల మచ్చలు. వీటికి సాధారణంగా మూడు మూలాలు, చూసి పోల్చుకోవచ్చు. పాలలా మెత్తగా, ముఖ్యంగా జిగురు నిలిచిన గుంటల్లో ఉంటే అది ఆరని పీవీఏ, లేదా మీ వాష్‌లోని నీళ్లకు తిరిగి తడిసిన పీవీఏ. రెండు రోజులు గాలి ఆడనివ్వండి, దానంతట అదే పారదర్శకం అవుతుంది. పొడి సున్నం చల్లినట్టు విస్తారంగా పట్టీలా ఉంటే, అది మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ పడిన ఫలితం. ద్రావకంతో చేసిన మ్యాట్ వార్నిష్ వేసి, దాని మీద ఆల్కహాల్ వాష్ పోస్తే తెల్లబారడం మామూలే. అదే వార్నిష్‌ను ఇంకోసారి పలచగా చల్లితే తెలుపు పోతుంది; ఆ తర్వాత మాత్రం ఆల్కహాల్ మళ్లీ తగలనివ్వకండి. చుక్కలు చుక్కలుగా, సందుల్లో ముద్దలుగా తెల్లగా ఉంటే అది వార్నిష్ డబ్బాను సరిగ్గా కుదపకపోవడం వల్ల వచ్చింది: మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని, ఒక్కసారిగా బయటికి వచ్చింది. దీన్ని కరిగించలేరు. పైన రంగు పొడి తట్టి కప్పేయడమే మార్గం.

ఇంజన్లు ఆగడానికి వస్తే, పట్టా తలమీద రంగు ఉందన్నది అందరికీ తడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పోగులు రాలని గుడ్డను చిన్న చెక్కముక్కకు చుట్టి తుడవండి. గట్టిపడిన రంగుకు మాత్రమే రాపిడి రబ్బరు వాడండి. ప్రతిసారీ దాన్నే వాడితే పట్టా మీద సన్నని గీతలు పడి మురికి ఇంకా త్వరగా పట్టుకుంటుంది. తలలు శుభ్రమయ్యాక కూడా ఒకటి రెండు చోట్ల ఆగుతుంటే తప్పు అక్కడ లేదు, కింద ఉంది. పలచని వాష్ సందు దొరికితే చాలు పాకుతుంది. రెండు పట్టాలను కలిపే జాయినర్ లోపలికి దూరి ఆరితే అక్కడ కరెంటు ప్రవాహానికి అడ్డుపొర ఏర్పడుతుంది. జాయినర్‌ను శుభ్రం చేయాలని చూడటం వృథా. ఆ పట్టా ముక్కకు విడిగా ఫీడర్ తీగ (కరెంటును నేరుగా అందించే తీగ) సోల్డర్ చేయండి. ప్రతి పట్టా ముక్కకూ సొంత ఫీడర్ ఉంటే వెదరింగ్ (ఇలా పాతబడినట్టు రంగు వేయడం) వల్ల కరెంటు పోతుందనే భయమే ఉండదు.

పాయింట్లు ఇంకా సున్నితం. చాలా పాయింట్లలో కదిలే నాలుక పట్టా, దాని పక్కన ఆనుకునే పట్టాకు తగలడం వల్లే కరెంటు అందుతుంది. ఆ రెండు తగిలే ముఖాల మీద రంగు పడితే ఇంజను పాయింటు మధ్యలో ఆగుతుంది. సన్నని కాగితపు పట్టీని ఆల్కహాల్‌లో తడిపి ఆ రెండింటి మధ్య పెట్టి, నాలుకను దాని మీద మూసి, కాగితాన్ని మెల్లగా లాగండి. మురికి కాగితానికి వచ్చేస్తుంది. రెండు వైపులా నాలుగైదు సార్లు. తర్వాత రంగు చల్లేటప్పుడు ఆ ముఖాలకు మాస్కింగ్ టేపు ముక్కలు అంటించండి, నాలుకలను కలిపే అడ్డ కడ్డీ చుట్టూ రంగు పోయకండి, అక్కడ పొడి మాత్రం తట్టండి. రంగు ఆరేలోపు ప్రతి రెండు మూడు నిమిషాలకు పాయింటును అటూ ఇటూ కదుపుతూ ఉండండి. ఆరిపోయాక కదిపితే అంటుకున్న చోట పెచ్చు లేస్తుంది, ఒక్కోసారి నాలుకే వంగుతుంది.

పట్టా పక్కల రంగు గురించి మీరు అడగలేదు కానీ కంకర ఎంత బాగా కుదిరినా పక్కలు వెండిలా మెరుస్తుంటే అంతా బొమ్మలాగే ఉంటుంది. వాడుకలో ఉన్న లైన్లలో పట్టా పక్కలు కాషాయ రంగులో ఉండవు. ముదురు గోధుమలో ఉంటాయి, ఎందుకంటే తుప్పు మీద బ్రేకు పొడీ నూనె పొగా చేరతాయి. ఎర్రగా పైకి తేలే కొత్త తుప్పు వాడని సైడింగుల్లోనే (బండ్లు నిలిపే పక్క లైన్లు). పక్కల మీద బర్ంట్ అంబర్‌కు కొద్దిగా నలుపు కలిపి సన్నని బ్రష్‌తో వేయండి, తల మీద పడినదాన్ని ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. మోడల్ పట్టా ఎత్తును కోడ్ సంఖ్యతో చెబుతారు: కోడ్ 75 పట్టా ఎత్తు దాదాపు 1.9 మి.మీ., కోడ్ 100 అయితే 2.5 మి.మీ. ఎత్తు ఎక్కువ కాబట్టి కోడ్ 100కు ఈ ముదురు రంగు ఇంకా అవసరం, పట్టా పొట్టిగా కనిపిస్తుంది.

దుమ్ము పొరలు కుదిరాక, ప్రత్యేక మచ్చలు. ఇక్కడ నాకు ఒకటే నియమం: కారణం చెప్పలేని మచ్చ వేయవద్దు. ప్లాట్‌ఫారం చివర ఇంజను నిలిచే చోట రెండు పట్టాల మధ్య నూనె కారుతుంది. 20 మీటర్ల ఇంజను హెచ్‌ఓలో 230 మి.మీ., కాబట్టి మచ్చల వరుస కూడా ఆ పొడవులోనే ఉండాలి, మధ్యలో చిక్కగా, చివర్లకు పలచబడుతూ. నల్ల ఆయిల్ పెయింటుకు బర్ంట్ అంబర్ సగం కలిపి, వాసన లేని వైట్ స్పిరిట్ పది పాళ్లతో పలచన చేసి, బ్రష్ కొసను కంకరకు ఆనిస్తే చాలు, రంగు తానే పాకుతుంది. ఆరాక నడిమధ్యలో రెండు మూడు రాళ్లకు మాత్రం మెరుపు వార్నిష్ చుక్క పెట్టండి. నూనె తాజాగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఎర్ర సిగ్నలు ముందు, బండి బయలుదేరేటప్పుడు చక్రం జారకుండా ఇంజను ఇసుక వదిలే చోట, పట్టా రెండు పక్కలా లేత ఇసుక రంగు సన్నగా చల్లండి. వంపు మొదట్లో పట్టా లోపలి అంచుకు గ్రీజు పెట్టే యంత్రం ఉంటే అక్కడి నుంచి ఒక చారలా నలుపు. పాయింటు నాలుకలు జారే పలకల కింద చిన్న నల్ల జిడ్డు.

వీటన్నిటిలో అందంగా కుదిరేది, చాలామంది వేయనిది, బురద పొంగు. పట్టా అతుకుల దగ్గర స్లీపర్లు రైలు వెళ్లినప్పుడల్లా కిందికి పైకి ఆడతాయి, రాళ్లు ఒరుసుకుని పొడి అవుతాయి, నీళ్లు నిలిచిన చోట ఆ పొడీ కింది బంకమట్టీ కలిసి పైకి ఉబుకుతాయి. ఆరాక లేత బూడిద తెలుపు పూత నాలుగైదు స్లీపర్ల మీద, వాటి మధ్య కంకర మీద పట్టుకుంటుంది. మిగతా లైనంతా గోధుమగా ఉంటే ఈ ఒక్క తేలిక పాచ్ కంటికి వెంటనే ఆనుతుంది. లేత బూడిద పిగ్మెంట్‌కు కొంచెం మ్యాట్ మీడియం, నీళ్లు కలిపి మజ్జిగంత పలచగా చేసి, కంకర సందులు సగం నిండేలా పోయండి. స్లీపర్ చివర్ల మీదికి కొద్దిగా చిమ్మండి. అయిదారు మీటర్ల లైనుకు ఒకటి చాలు, రెండైతే ఎక్కువ.

మొదట్లో పోసిన నల్ల వాష్‌కు కూడా తగిన చోటు ఉంది: చెక్క స్లీపర్లు, ఆవిరి ఇంజన్ల షెడ్డు, బూడిద పరిచిన యార్డు. అక్కడ కూడా 500 మి.లీ. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఇండియా ఇంకు (చిక్కటి నల్ల సిరా) 5 మి.లీ. మించవద్దు. సరిపోకపోతే ఇంకో పొర వేయవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేరు.

చివరిగా వెలుతురు. ఇదంతా లేఅవుట్‌ను మామూలుగా చూసే దీపాల కిందే చేయండి. 2700 కెల్విన్ పసుపు దీపాల కింద గోధుమలు కాషాయంగా తేలుతాయి, 4000 కెల్విన్ కింద అవే బూడిదలోకి తిరుగుతాయి. మరో గదిలో, వేరే దీపం కింద సరిపోయిందనుకున్న రంగు ఇక్కడ నిలబడదు. లేఅవుట్ మీద చేయి పెట్టే ముందు 30 సెం.మీ. చెక్క మీద అవే పట్టాలు, అదే కంకర, అదే జిగురు, అదే నల్ల వాష్ వేసి, 48 గంటలు ఆరనిచ్చి, పై పొరలన్నీ దాని మీద ప్రయత్నించండి. ఆ చెక్కను లేఅవుట్ పక్కనే ఉంచండి. మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలిపినప్పుడు పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

రంగు, ఆల్కహాల్ చల్లే ముందు లేఅవుట్‌కు కరెంటు పూర్తిగా తీసేయండి, కిటికీలు తెరవండి. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు అంటుకోవడానికి ఇంజను చక్రం దగ్గర వచ్చే చిన్న మెరుపు చాలు. ద్రావకాలకు ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్లున్న మాస్కు, పొడులకు ధూళి మాస్కు. పని అయ్యాక ఆవిరి పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రాత్రి ఆగి, వదులు పొడిని వాక్యూమ్‌తో లాగి, అప్పుడే మొదటి ఇంజను నడపండి. అది అయిదు నిమిషాలు తిరిగాక చక్రాలు తిప్పి చూసి తుడవండి, రెండో రోజు కూడా ఒకసారి. మొదటి రెండు రోజుల్లో పట్టా తలల మీదికి చేరే పొడే గేరుపెట్టెలోకి దూరి ఎక్కువ నష్టం చేస్తుంది.